అరిగిన స్కిడ్ బ్లాక్, చెడిన కనెక్టర్: 2016 డబ్ల్యూఈసీ టైటిల్ ఎక్కడ తేలింది?

2016 వరల్డ్ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ (డబ్ల్యూఈసీ, గంటల తరబడి సాగే కారు రేసుల సిరీస్) పాయింట్ల పట్టికను మొదటిసారి చూసినవాళ్లకు ఒక సందేహం వస్తుంది. టైటిల్ గెలిచిన 2 నంబరు పోర్షే 919 హైబ్రిడ్ (రొమాం డ్యూమా, నీల్ యాని, మార్క్ లీబ్) జూన్‌లో లె మాన్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు) గెలిచాక మిగిలిన ఆరు రేసుల్లో ఒక్కసారి కూడా పోడియం (మొదటి మూడు స్థానాలు) ఎక్కలేదు. నాలుగు, నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు, ఆరు: అవీ దాని స్థానాలు. అదే జట్టులోని 1 నంబరు కారు (మార్క్ వెబర్, బ్రెండన్ హార్ట్లీ, టిమో బెర్న్‌హార్డ్) నూర్బర్గ్‌రింగ్, మెక్సికో సిటీ, ఆస్టిన్, షాంఘై గెలిచింది. నాలుగు విజయాలు సాధించి కూడా పట్టికలో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

దీన్ని అదృష్టం అనేసి ఊరుకుంటే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. లెక్క విప్పి చూస్తే టైటిల్ రెండు చిన్న వస్తువుల దగ్గర తేలిందని కనిపిస్తుంది. ఒకటి సిల్వర్‌స్టోన్‌లో అరిగిపోయిన స్కిడ్ బ్లాక్. రెండోది లె మాన్‌లో గాలి గొట్టానికి ఉండే కనెక్టర్. ఆ రెండు చోట్లా 2 నంబరు పోర్షే చేసిందేమీ లేదు. దగ్గర్లో ఉంది, అంతే. అయితే ఎండ్యూరెన్స్‌లో అలా దగ్గర్లో ఉండడం అనుకున్నంత తేలిక కాదు. ఈ కేసులో అసలు విషయం అదే.

ముందు పాయింట్లు

ఆరు గంటల రేసుకు మొదటి పది స్థానాలకు 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. లె మాన్‌కు ఇవన్నీ రెట్టింపు, అంటే గెలిస్తే 50, రెండో స్థానానికి 36, మూడుకు 30, నాలుగుకు 24. పోల్‌కు, అంటే క్వాలిఫైయింగ్‌లో మొదటి స్థానానికి, ఒక పాయింటు. పది లోపు రాకపోయినా రేసు పూర్తి చేసిన కారుకు అర పాయింటు. ఈ అర పాయింటును చివర్లో మళ్లీ తలుచుకోవాల్సి వస్తుంది.

2 నంబరు పోర్షే లెక్క ఇది: సిల్వర్‌స్టోన్ 25, స్పా 18, లె మాన్ 50, అక్కడి పోల్‌కు 1. మూడు రేసులకే 94. తర్వాతి ఆరు రేసుల్లో 12, 12, 12, 10, 12, 8 కలిపి 66. మొత్తం 160. రెండో స్థానంలో 8 నంబరు ఆడి ఆర్18 (లూకాస్ డి గ్రాసీ, లొయిక్ డువాల్, ఆలివర్ జార్విస్) 147.5తో, మూడో స్థానంలో 6 నంబరు టొయోటా టిఎస్050 (మైక్ కాన్వే, స్టెఫాన్ సారాజాన్, కముయి కొబయాషి) 145తో నిలిచాయి.

తొమ్మిది రేసుల సీజన్‌లో సగానికి పైగా పాయింట్లు మొదటి మూడు రేసుల్లోనే వచ్చాయి. కాబట్టి ఈ కేసులో చూడాల్సింది ప్రధానంగా ఏప్రిల్, మే, జూన్ నెలలనే.

సిల్వర్‌స్టోన్: మిల్లీమీటర్ల లెక్క

ఏప్రిల్ 17న ట్రాక్ మీద గెలిచింది 7 నంబరు ఆడి (ఆండ్రే లాటరర్, మార్సెల్ ఫాస్లర్, బెన్వా ట్రెలుయే). 1 నంబరు పోర్షే ఆధిక్యంలో ఉండగా హార్ట్లీ ఒక జీటీ పోర్షేతో (రోడ్డు కారు ఆధారంగా చేసిన, నెమ్మది శ్రేణి కారు) ఢీకొని రేసు నుంచి తప్పుకున్నాడు. రేసు అయ్యాక జరిగిన తనిఖీలో ఆడి కారు కింద ముందు భాగంలోని స్కిడ్ బ్లాక్ నిర్ణీత మందం కన్నా పలచగా తేలింది. కారును ఫలితాల నుంచి తీసేశారు. 2 నంబరు పోర్షేకు మొదటి స్థానం, 6 నంబరు టొయోటాకు రెండో స్థానం దక్కాయి. ఆడి అప్పీలుకు వెళ్తామని చెప్పి తర్వాత వెనక్కి తగ్గింది.

స్కిడ్ బ్లాక్ అంటే కారు అడుగున బిగించే పలక. జట్లు కారును మరీ కిందికి దించకుండా అదే కాపలా కాస్తుంది. ముందు భాగం కిందికి దిగే కొద్దీ డౌన్‌ఫోర్స్ (గాలి కారును నేలకు అదిమే బలం) పెరిగి ల్యాప్ టైం తగ్గుతుంది. అందుకే ప్రతి ఇంజినీరూ ముందు భాగపు రైడ్ హైట్‌ను (నేల నుంచి ఎత్తు) వీలైనంత తక్కువగా పెట్టాలనే చూస్తాడు. రైడ్ హైట్‌ను సూటిగా తగ్గించలేకపోయినా, పలక ఎంత అరగవచ్చో ఆ హద్దు అంచుదాకా వెళ్లడమే ఇక్కడి పందెం.

ఈ పందెం తప్పేది ఎక్కువగా ప్రాక్టీసు లెక్కను రేసుకు పొడిగించేటప్పుడే. ఉదాహరణకు ప్రాక్టీసులో 60 ల్యాప్‌లకు 1 మిల్లీమీటరు అరిగిందనుకుందాం. దాన్ని 190 ల్యాప్‌లకు పొడిగిస్తే 3.2 మిల్లీమీటర్లు. హద్దు 4 అయితే కాగితం మీద 0.8 మిగిలినట్టే ఉంటుంది. అయితే రేసులో అరుగుదల ప్రాక్టీసులాగా నడవదు. దానికి కారణాలు ఇవి.

ప్రాక్టీసులో కారు ఎక్కువసేపు తక్కువ ఇంధనంతో తిరుగుతుంది. రేసులో ప్రతి స్టింటూ (రెండు పిట్ స్టాప్‌ల మధ్య పరుగు) నిండు ట్యాంకుతో మొదలవుతుంది. ఆ ఏడాది 8 మెగాజౌల్ (హైబ్రిడ్ శక్తి ఎక్కువ వాడే శ్రేణి) పెట్రోలు కార్ల ట్యాంకు 62.5 లీటర్లు, అంటే 45 కిలోల పైచిలుకు. అంత బరువుతో స్టింటు మొదటి ల్యాప్‌లలో కారు కిందికి కూర్చుంటుంది. ఆడిది డీజిల్ కారు కాబట్టి ట్యాంకు చిన్నదే, కానీ సూత్రం మారదు.

రెండోది టైరు. కొత్త టైరు చల్లగా ఉన్నప్పుడు, లేదా సేఫ్టీ కారు వెనక నెమ్మదిగా తిరిగి చల్లబడినప్పుడు ప్రెషర్ పడిపోతుంది, దాంతో కారు కిందికి దిగుతుంది. అవే టైర్లతో వరుసగా రెండు స్టింట్లు తిప్పే డబుల్ స్టింట్ చివర్లో రబ్బరు అరిగి టైరు చుట్టుకొలత తగ్గుతుంది, అప్పుడూ దిగుతుంది. ఈ రెండూ ఒక్కోసారి మిల్లీమీటరు చొప్పున తగ్గించినా పలక నేలకు తగిలే తీరు పూర్తిగా మారిపోతుంది.

మూడోది కెర్బులు, అంటే మలుపుల అంచున ఎత్తుగా ఉండే గట్లు. ఎల్‌ఎంపీ1 కార్లు (పోర్షే, ఆడి, టొయోటాలు ఉన్న అప్పటి అగ్రశ్రేణి) జీటీ కార్లను గంటకు పదుల సంఖ్యలో దాటాల్సి వచ్చేది. దాటేటప్పుడు డ్రైవరు తన గీత వదిలి, ప్రాక్టీసులో ఎప్పుడూ ఎక్కని కెర్బు ఎక్కుతాడు. రాపిడి కొంచెం కొంచెంగా అరగదీస్తుంది, కెర్బు దెబ్బ ఒకేసారి చెక్కేస్తుంది.

ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతి సెషన్ తర్వాత ముందూ వెనకా, ఎడమా కుడీ, నాలుగు చోట్లా మందం కొలిచి ల్యాప్‌ల సంఖ్యతో కలిపి రాస్తారు. సగటు తీయరు, ఎక్కువ అరిగిన మూలనే లెక్కలోకి తీసుకుంటారు. నిండు ట్యాంకు ల్యాప్‌లకు వేరే రేటు, తేలిక ల్యాప్‌లకు వేరే రేటు కడతారు. రేసులో పలకను కొలవడం కుదరదు కాబట్టి రైడ్ హైట్ లేజర్, పుష్‌రాడ్ (సస్పెన్షన్ కడ్డీ) లోడ్ డేటా చూసి ల్యాప్‌కు ఎన్నిసార్లు నేల తగిలిందో లెక్కిస్తారు. ఆ సంఖ్య అంచనా దాటితే తర్వాతి స్టాప్‌లో ముందు టైర్ల ప్రెషర్ కాస్త పెంచుతారు, ఏ కెర్బు ఎక్కకూడదో డ్రైవరుకు పేరుతో చెబుతారు. ఇందుకు ల్యాప్‌కు ఓ పదో వంతు సెకను నష్టపోవచ్చు. సిల్వర్‌స్టోన్‌లో అందుకు ప్రతిగా 25 పాయింట్లు ఉన్నాయి.

స్పా: కుంటుతూ తెచ్చిన 18 పాయింట్లు

మే 7న స్పా రేసులో ఆధిక్యంలో ఉన్న 5 నంబరు టొయోటా ఇంజిన్ పోయింది. గెలిచింది 8 నంబరు ఆడి. ఇక్కడ గమనించాల్సింది మాత్రం రెండో స్థానం. 2 నంబరు పోర్షే హైబ్రిడ్ వ్యవస్థ (ఇంజిన్‌కు తోడుండే ఎలక్ట్రిక్ మోటార్, బ్యాటరీ) దెబ్బతిన్నాక రేసులో చాలా భాగం దాని సాయం లేకుండానే తిరిగింది. ల్యాప్‌కు సెకన్లకు సెకన్లు పోతుంటే మామూలుగా జట్లకు రెండు ఆలోచనలు వస్తాయి: కారును గ్యారేజీలోకి లాగి బాగుచేయడమా, లేక ఆ స్థితిలోనే తిప్పడమా.

దీనికి నేరుగా ఒక లెక్క ఉంది. మరమ్మతుకు పట్టే నిమిషాలను ఒకవైపు, మిగిలిన ల్యాప్‌లను ల్యాప్‌కు పోయే సెకన్లతో గుణించి మరోవైపు పెట్టాలి. ల్యాప్‌కు 4 సెకన్లు పోతూ 120 ల్యాప్‌లు మిగిలితే నష్టం 8 నిమిషాలు. ఎల్‌ఎంపీ1 హైబ్రిడ్‌లో అధిక వోల్టేజీ భాగం విప్పాలంటే ముందు దాన్ని సురక్షిత స్థితికి తెచ్చి, ఇన్సులేషన్ గ్లోవ్స్ వేసుకున్న మెకానిక్ పచ్చజెండా ఊపాకే పని మొదలవుతుంది. 8 నిమిషాల్లో అది అరుదుగా కుదురుతుంది. కాబట్టి తిప్పడమే నయం. ప్రత్యర్థులు రాలిపోతుంటే ఆ కుంటి కారే రెండో స్థానానికి చేరింది. సీజన్ చివర్లో అన్ని నాలుగో స్థానాలు సరిపోయాయంటే ఈ 18 పాయింట్ల చలవే.

లె మాన్: 13.629 కిలోమీటర్లు, 6 నిమిషాలు

జూన్ 18న వాన వల్ల రేసు సేఫ్టీ కారు వెనక మొదలైంది. ట్రాక్ ఆరిన తర్వాత టొయోటా బలం తేటతెల్లమైంది. టొయోటాలు ఒక ట్యాంకుకు 14 ల్యాప్‌లు వెళ్తుంటే పోర్షేలు 13 దగ్గర ఆగుతున్నాయి. ఒక్క ల్యాప్ తేడా చిన్నగా కనిపిస్తుంది. విజేత తిరిగిన 384 ల్యాప్‌లను 13తో భాగిస్తే 30 స్టింట్లు, 14తో భాగిస్తే 28. అంటే రెండు స్టాప్‌లు తక్కువ. లె మాన్‌లో పిట్ లేన్‌లోకి వచ్చి ఇంధనం నింపుకుని బయటపడేసరికి నిమిషం దాటిపోతుంది. ట్రాక్ మీద డ్రైవర్ చెమటోడ్చి సంపాదించాల్సిన రెండు నిమిషాలను ఇంజిన్ పొదుపు ఊరికే ఇచ్చేస్తుంది. 1 నంబరు పోర్షే నీటి పంపు పాడై రాత్రే వెనకబడిపోయింది.

ఇరవై నాలుగో గంట చివరి నిమిషాలు. 5 నంబరు టొయోటాలో కజుకి నకజిమా నిమిషానికి పైగా ఆధిక్యంతో ఉన్నాడు. మన గడియారంలో ఆదివారం సాయంత్రం ఆరున్నర కావడానికి ఆరు నిమిషాలుంది. పవర్ లేదని అతను రేడియోలో చెప్పాడు. కారు వేగం తగ్గుతూ వచ్చి, ఫినిష్ గీత దాటి, తన జట్టు పిట్ గోడ ఎదురుగానే ఆగిపోయింది. నీల్ యాని పక్కనుంచి దాటుకుని వెళ్లాడు.

టర్బోచార్జర్‌కూ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఇంటర్‌కూలర్‌కూ (ఆ గాలిని చల్లబరిచేది) మధ్య గాలి లైన్‌లోని కనెక్టర్‌లో లోపం వచ్చి టర్బో మీద అదుపు పోయిందని టొయోటా తర్వాత ప్రకటించింది. కంట్రోల్ సెట్టింగులు మార్చి పవర్ తిరిగి తెచ్చారు, కారు చివరి ల్యాప్ పూర్తి చేసింది కూడా. అయితే ఆ ల్యాప్‌కు 11 నిమిషాల 53.815 సెకన్లు పట్టింది. చివరి ల్యాప్ 6 నిమిషాల్లో పూర్తి చేయని కారుకు ఫలితాల్లో చోటు లేదన్నది నిబంధన. గీత ముందు ఆగి, సమయం అయ్యేదాకా కాచుకుని దాటే పాత పద్ధతికి ఈ నిబంధన తలుపు వేసింది. విజేత తిరిగినన్ని ల్యాప్‌లూ తిరిగిన కారు రెండో స్థానం 36 పాయింట్లు కూడా దక్కకుండా సున్నాతో మిగిలింది.

ఇలాంటి జాయింట్ ఎందుకు వదులవుతుందో టర్బో ఇంజిన్ల మీద పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతే. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడిగా, ఒత్తిడితో ఉంటుంది. ప్రతి గేరు మార్పుకీ, ప్రతి బ్రేకింగ్‌కీ ఆ ఒత్తిడి పడుతూ లేస్తూ ఉంటుంది. ఇంజిన్ ఒక లయలో వణికితే, దానికి దూరంగా బిగించిన ఇంటర్‌కూలర్ మరో లయలో వణుకుతుంది, మధ్యలో నలిగేది జాయింటే. ఓ-రింగ్ గాడిలో సరిగా కూర్చోకపోయినా, క్లాంపు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగి బిగిసినా డైనోలో (ఇంజిన్ పరీక్ష యంత్రం) మొదటి గంట ఏ తేడా తెలియదు. వందలసార్లు వేడెక్కి చల్లారాక తెలుస్తుంది. అందుకే ఇలాంటి చోట్ల భాగం నాణ్యతతో పాటు బిగింపు పద్ధతినీ రాతలో పెట్టాలి: ఎంత టార్క్, ఎవరు బిగించారు, మార్కర్ గీత ఎవరు చూశారు, ఒత్తిడి పరీక్ష ఎన్ని నిమిషాలు నిలిచింది.

నా దృష్టిలో ఈ సీజన్ మొత్తంలో అతి ముఖ్యమైన పాఠం కనెక్టర్‌లో కూడా లేదు. అది ఆ 6 నిమిషాల్లో ఉంది. లె మాన్ ల్యాప్ పొడవు 13.629 కిలోమీటర్లు. 6 నిమిషాల్లో పూర్తి చేయాలంటే గంటకు 136 కిలోమీటర్ల సగటు చాలు. ఎల్‌ఎంపీ1 కారుకు ఇది మూడో వంతు శక్తితోనైనా అందే వేగం. అంటే టర్బో పూర్తిగా పోయినా బతికించే దారి సూత్రరీత్యా ఉంది. కావాల్సింది ముందే రాసి స్టీరింగ్ స్విచ్‌కు కట్టిపెట్టిన ఒక అత్యవసర మ్యాప్ (ఇంజిన్ కంట్రోల్ సెట్టింగుల పట్టిక).

అలాంటి మ్యాప్ తయారీ ఇలా ఉండాలి. అడిగిన బూస్ట్‌కూ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) వచ్చిన బూస్ట్‌కూ మధ్య తేడా నిర్ణీత సెకన్ల పాటు కొనసాగి, వేస్ట్‌గేట్ (టర్బో వేగాన్ని అదుపు చేసే వాల్వు) ఆదేశం పూర్తి చివరకు వెళ్లిపోతే, అది సెన్సర్ తప్పా నిజమైన లీకా అని రెండో సెన్సర్‌తో సరిచూడాలి. నిజమైతే బూస్ట్ లక్ష్యాన్ని వదిలేసి, వచ్చే గాలికి తగ్గట్టు ఇంధనం ఇచ్చే పట్టికకు మారాలి. టర్బో అతివేగంగా తిరక్కుండా వేస్ట్‌గేట్ తెరిచి ఉంచాలి. బ్యాటరీని స్పీడు కోసం ఖర్చు చేయకుండా కారును కదిలించడానికీ ఎత్తులకూ దాచాలి. ఇదంతా డ్రైవరు ఒక్క స్విచ్ తిప్పితే జరగాలి. కారు నిలబడ్డాక ఇంజినీరు ఒక్కొక్క సెట్టింగూ రేడియోలో చదివి చెబుతూ, డ్రైవరు స్టీరింగ్ మీద మెనూలు వెతుక్కుంటూ ఉంటే 6 నిమిషాలు చాలవు. చాలలేదు కూడా.

మరుసటి ఏడాది టొయోటాను క్లచ్ దెబ్బతీసింది. 2017 లె మాన్‌లో పిట్ లేన్ చివర ఆగి ఉన్న 7 నంబరు కారు దగ్గరకు వేరే జట్టు డ్రైవరు వచ్చి బొటనవేలు ఎత్తి చూపాడు. అది వెళ్లమన్న సంకేతమని కొబయాషి కదిలాడు, జట్టు ఆపింది, మళ్లీ కదిలాడు. ఎలక్ట్రిక్ మోటార్‌తో కదలాల్సిన కారు ఇంజిన్, క్లచ్‌ల మీద పదే పదే కదలడంతో క్లచ్ కాలిపోయింది. 2018లో గెలిచేనాటికి ఆ జట్టు పరీక్షల్లో కావాలనే లోపాలు పెట్టి డ్రైవర్లనూ ఇంజినీర్లనూ సాధన చేయించింది. కారు చెడకుండా తిప్పే పరీక్ష కన్నా చెడిపోయిన కారును ఇంటికి తెచ్చే పరీక్షే ఎక్కువ విలువైనదని వాళ్లు రెండు జూన్‌లు నష్టపోయి తెలుసుకున్నారు.

ఫుజి: మార్చని టైర్లు

లె మాన్ తర్వాతి రేసుల్లో విడిగా చెప్పుకోవాల్సింది అక్టోబరు 16 నాటి ఫుజి. అప్పటి నిబంధనల ప్రకారం ఇంధనం నింపుతున్నంతసేపూ టైర్లు ముట్టుకోకూడదు. నింపడం పూర్తయ్యాకే మార్చాలి, దానికి పదిహేను ఇరవై సెకన్లు అదనం. చివరి స్టాప్‌లో 6 నంబరు టొయోటా ఇంధనం మాత్రం నింపుకుని పాత టైర్లతోనే బయటికి వచ్చింది. 8 నంబరు ఆడి కొత్త టైర్లు వేసుకుంది. కొబయాషి అరిగిన టైర్లతో చివరిదాకా నిలబడ్డాడు, గెలుపు తేడా 1.439 సెకన్లు. చల్లటి వాతావరణంలో, ఎడమ ముందు టైరు మీద భారం మరీ పడని దశలో మాత్రమే ఇది పనిచేస్తుంది. ఆ ఒక్క నిర్ణయంతో ఆడికి 7 పాయింట్లు పోయాయి. పది రోజుల తర్వాత, అక్టోబరు 26న, సీజన్ చివరితో ఎండ్యూరెన్స్ నుంచి తప్పుకుంటున్నట్టు ఆడి ప్రకటించింది. పద్దెనిమిదేళ్ల లె మాన్ ప్రయాణం అలా ముగియడం ఈ ఆటను ప్రేమించేవాళ్లకు ఇప్పటికీ బాధే.

తిరగేసిన లెక్క

ఇప్పుడు ఆ రెండు వస్తువులనూ విడివిడిగా బాగుచేసి చూద్దాం. కనెక్టర్ నిలిచి ఉంటే 5 నంబరు టొయోటా గెలిచేది. 2 నంబరు పోర్షేకు 50 బదులు 36, 6 నంబరు టొయోటాకు 36 బదులు 30, 8 నంబరు ఆడికి 30 బదులు 24. మొత్తాలు 146, 139, 141.5. టైటిల్ ఇంకా పోర్షేదే.

స్కిడ్ బ్లాక్ ఒక్కటే నిలిచి ఉంటే 2 నంబరు పోర్షేకు సిల్వర్‌స్టోన్‌లో 25 బదులు 18, 6 నంబరు టొయోటాకు 18 బదులు 15. మొత్తాలు 153, 142. ఆ రేసులో పాయింట్ల స్థానంలో లేని 8 నంబరు ఆడిది 147.5 అలాగే ఉంటుంది. అప్పుడూ పోర్షేదే.

రెండూ నిలిచి ఉంటే మాత్రం 2 నంబరు పోర్షే 139కి పడిపోతుంది, 6 నంబరు టొయోటా 136కి. 8 నంబరు ఆడి 141.5తో ఛాంపియన్.

ఈ లెక్కను అతిగా నమ్మకూడదు. నవంబరు 19న బహ్రెయిన్‌కు 2 నంబరు పోర్షే 17 పాయింట్ల ఆధిక్యంతో వెళ్లింది, 6 నంబరు టొయోటాను గమనిస్తూ ఉంటే చాలు. ఐదో స్థానంలో ముగించిన ఆ టొయోటా వెనక ఆరో స్థానం, 8 పాయింట్లు దానికి సరిపోయాయి. ఆధిక్యం తక్కువై ఉంటే వేరేలా నడిపేవాళ్లు. రెండూ నిలిచిన ఊహా సీజన్‌లో బహ్రెయిన్‌లో నాలుగో స్థానం వస్తే 143తో టైటిల్ పోర్షేకు మిగిలేది. ఐదో స్థానం వస్తే 141. పది లోపు రాని రేసులో కూడా కారును గ్యారేజీలో వదిలేయకుండా గీత దాటించినందుకు ఆడి ఖాతాలో పడిన ఆ అర పాయింటుతోనే తేలిపోయేది.